కాచి పంపిన సముద్రం

మామయ్యకు నమస్కారాలు.

నీ కాలికి మేకు గీరుకుని పుండయిందనీ, అయినా పడవలు బాగుచేస్తూ మోకాలిలోతు నీళ్ళలోనే నిలబడుతున్నావనీ అత్తయ్య రాసింది. సముద్రం వేడెక్కుతోంది మామయ్యా. ఆ వేడికి కొన్నిరకాల క్రిములు తెగ పెరుగుతున్నాయి. పుండులోంచి దూరితే కాలు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. నువ్వెలాగూ నమ్మవు గనక ఓ సీసాడు నీళ్ళు పంపు. మా ల్యాబులో పరీక్ష చేస్తాను.

నీ మేనకోడలు

తా.క. అందాకా నీళ్ళలో దిగావంటే నా మీద ఒట్టే.

* * *

అమ్మడికి దీవెనలు.

నలభై ఏళ్ళుగా నాకు అన్నం పెట్టిన నీళ్ళు నా కాలు కొరుకుతాయా? సరే, నీ ముచ్చట కాదనడమెందుకు. సీసా పంపుతున్నాను.

మామయ్య

తా.క. మీ ఆఫీసులో మన పరువు పోకుండానే పంపాను, బెంగపడకు.

* * *

మామయ్యకు,

ఒక్క క్రిమి లేదు! మూడుసార్లు చూశాం. మా మేడమ్ నోరెళ్ళబెట్టింది. చెంచాడు సముద్రపు నీళ్ళలో లక్షల ప్రాణాలుండాలి. ఏమీ లేకపోతే నాకు ఇంకా భయంగా ఉంది. రిపోర్టు జతచేశాను. సంగతేమిటో తేలేదాకా దిగకు.

నీ మేనకోడలు

తా.క. ఇంతకీ సీసా ఎక్కడ ముంచావు?

* * *

అమ్మడూ, నీ నోట్లో పంచదార పొయ్య!

రిపోర్టు షెడ్డు తలుపుకి అంటించాను. పొద్దున్నే దర్జాగా నీళ్ళలో దిగాను. కాలు కాస్త వాచి నల్లబడింది, అంతే.

గెలిచిన మామయ్య

తా.క. ఎక్కడ ముంచితేనేం? తెర్లేదాకా కాచి, గుడ్డలో వడగట్టి మరీ పంపాను. ఆడపిల్ల ఉద్యోగం చేసే చోటికి మురికినీళ్ళు పంపుతామా?

* * *

కొంప ముంచావు మామయ్యా!

కాచాక ఇంకేం బతుకుతుంది? ఉన్నపళాన ఆసుపత్రికి పరిగెత్తు. ఆ రిపోర్టు చింపెయ్.

నీ మేనకోడలు

తా.క. పరిగెత్తకు. అత్తయ్యను బండి పిలవమను.

* * *

అమ్మడికి,

రిపోర్టు మీ అత్తయ్యే చింపేసింది. ఇంకొక్కరోజు ఆగుంటే కాలు తీసేసేవాళ్ళమన్నాడు డాక్టరు. పన్నెండు రోజులుండి నిన్ననే ఇంటికొచ్చాను.

అక్కడి ల్యాబు పిల్ల నా పుండులోంచి తీసిన చుక్కని మైక్రోస్కోపులో చూపించింది. అమ్మో! అంత చుక్కలో ఎంత సంత! వంకరగా బుల్లి బుల్లి ప్రాణులు, ఈదుతూ, గిరికీలు కొడుతూ. నా ప్రాణానికొచ్చినవని తెలిసీ చూపు తిప్పుకోలేకపోయాను. నలభై ఏళ్ళు ఆ నీళ్ళలో నిలబడ్డాను గానీ నా పక్కన ఎవరున్నారో ఎరగను. చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఆ పిల్ల నవ్వింది.

పంతం వదిలేశాను. మీ ఊళ్ళో మెరక మీద ఓ గది చూడు.

మామయ్య

తా.క. అడిగావుగా, ఆ సీసా సముద్రంలో ముంచలేదు, మా వంటింటి గుమ్మంలో ముంచాను. సముద్రం పోటు అందాకా వస్తే నడక తప్పిందని సంతోషించాను. ఈసారి కాచకుండా ఇంకోటి పంపుతున్నాను. కాలు కింద పెట్టలేదులే, మంచం మీంచే ముంచాను.