వంగిన లైన్లు

ప్రియమైన బామ్మర్దికి,

నీ మీద యజమానికి ఫిర్యాదు చేసింది నేనే. ఎవరో చాడీలు చెప్పారని వాపోతున్నావట. ఎవరో కాదు, మీ అక్క మొగుడే. ముప్పై ఏళ్లుగా ఈ ప్రెస్సులో నువ్వు పేజీలు కూర్చావు, నేను ప్రూఫులు దిద్దాను. ఈమధ్య నీ ప్రతి పేజీలోనూ లైన్లు నడిమధ్యన మూపురంలా లేస్తున్నాయి. చూపిస్తే, "తిన్నగానే ఉన్నాయి బావా, కళ్లజోడు తుడుచుకో" అని నవ్వావు. ఒళ్లు మండింది. పైగా కొలబద్ద తెచ్చి పెట్టావు. అదీ వంకరదే తెచ్చావు! నేను చదివినన్ని పుస్తకాలు నువ్వు మోసి కూడా ఉండవు, నాకు నేర్పుతావా? పని పోయిందని మీ అక్క దగ్గర ఏడవకు. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. దానికీ నువ్వే కారణం.

మీ బావ


బామ్మర్దీ,

నాలుగు నెలలైంది. నువ్వు జవాబు రాయలేదు, మంచిపని చేశావు.

ఆ ఉత్తరం రాసిన వారానికి మా గది తలుపు చట్రం కూడా వంగింది. దాన్ని నువ్వు కూర్చలేదు కదా. ఆ మాట అంటే, మీ అక్క పంతం పక్కనపెట్టి వచ్చి నా కుడికన్ను మూసి, "ఇప్పుడు చూడండి" అంది. నేను భూతద్దం పెట్టుకునే ఎడమకంటికి ఆమె ముఖం మధ్యలో మసక. కంటి వెనక పొరలో సిర పూడుకుపోయి, చూపు నిలిచే చోట వాచిందన్నాడు డాక్టరు. మెత్తటి లేజర్ వేశాడు. మంట లేదు, నొప్పి లేదు.

"ఏమయ్యా, అసలు వేశావా?" అని గద్దించాను.

"ఇది కాల్చదు పెద్దాయనా, మచ్చా పడదు. వాపు మెల్లగా దిగుతుంది, ఓపిక పట్టండి" అన్నాడు.

కాల్చకుండానే బాగుచేయొచ్చని డెబ్బై రెండేళ్లకు ఒకడు నాకు చెప్పాల్సి వచ్చింది!

మసక పూర్తిగా పోలేదు గాని, నిన్న పాత ప్రూఫులు తీసి చూశాను. నీ లైన్లు తిన్నగా ఉన్నాయి. వాటి మీద నేను గీసిన ఎర్రసిరా గీతలే వంకర.

వెంటనే వెళ్లి యజమానికి చెప్పాను. "ఆయన సీట్లో ఇంకొకర్ని పెట్టేశాం. జరిగిందేదో జరిగింది, మీరు మాత్రం ఉండండి" అన్నాడు. నిందవేసినవాడు ఉండాలట, నిందపడ్డవాడు పోవాలట! ప్రూఫుల కట్ట అతని బల్ల మీద విసిరి వచ్చేశాను.

క్షమించమని అడగను. అడిగితే "పోనీలే బావా" అనేస్తావు. ఆ మాట నేను భరించలేను. రేపు పొద్దున్నే వస్తున్నాను. గుమ్మంలోనే నిలబెట్టి, వీధంతా వినేలా తిట్టు. నీ కసి తీరేదాకా లోపలికి రాను.

నీ బావ