రిజిస్టరు పట్టుకుపోయిన ఫాదర్

గోదావరిఖని
12 జూన్ 2011

ప్రియమైన అన్నకు,

యేసు మరియ జోజప్పల దయతో ఇక్కడ క్షేమమే, మనసు తప్ప. ఫోన్లో చెప్పేది కాదు, ఫోను ఎప్పుడూ మీ బావ జేబులోనే ఉంటుంది.

మా గుడి విచారణకు కొత్తగా వచ్చిన ఫాదర్ బాలశౌరి మనిషి మెత్తగానే ఉంటాడు. నాకు ఆ మెత్తదనమే నచ్చలేదు. మొన్న పూజ కాగానే బీరువా తెరిచి, పెళ్లిళ్ల రిజిస్టరు ఒకటి సంచిలో పెట్టుకుని గదిలోకి పోయాడు. తరువాత గుడి ఊడ్చే మల్లక్కను పిలిచి అడిగాడట: పాత స్వామిగారు ఏ నెలలో దవాఖానలో ఉన్నారు, అప్పుడు గుడి ఎవరు చూశారు అని. మల్లక్క నా దగ్గరికి ఉరికొచ్చింది. "లూర్దమ్మా, ఏందో తవ్వుతున్నడే. మీ ఆయన రాతల తప్పులు దేవులాడుతున్నడేమో!"

నాకూ అదే భయం. మీ బావ ఇరవై ఏళ్ల వయసు నుండి ఉపదేశి. బాయి డ్యూటీ దిగి, బొగ్గు మసి కడుక్కుని, గంట కొట్టి, పిల్లలకు జపాలు నేర్పి, ఆ రిజిస్టర్లన్నీ రాసింది ఆయనే. గుండె ఆపరేషన్ అయినప్పటి నుండి ఆ గంట తాడు పట్టుకునే బతుకుతున్నాడు. దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుంటే మనిషి దక్కడు.

నువ్వు గురువిద్యాలయంలో చర్చి చట్టమే చెబుతావు కదా. ఫాదర్‌కు అలా లాక్కునే హక్కు ఉందా?

నీ చెల్లె
లూర్దమ్మ


బెంగళూరు
25 జూన్ 2011

ప్రియమైన చెల్లె లూర్దుకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. విచారణలో ఏలుబడి విచారణ గురువుది, అంటే అక్కడి ఫాదర్‌ది, ఆయన మీద బిషప్ గారిది. విచారణ సంఘం సలహా చెప్పవచ్చు, అంతకు మించి దానికి అధికారం లేదు. రిజిస్టర్లు చూసుకోవడం గురువు బాధ్యతే, అందులో తప్పేమీ లేదు. 1979 పుస్తకంలో బావ రాతకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. నిమ్మళంగా ఉండు. ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకు.

బావ వేళకు మందులు వేసుకుంటున్నాడా?

ప్రార్థనలతో
మీ అన్న ఇన్నయ్య


గోదావరిఖని
3 సెప్టెంబర్ 2011

ప్రియమైన అన్నకు,

ఆలస్యంగా రాస్తున్నాను. కావాలనే ఆలస్యం చేశాను.

ఫాదర్ ఆ రిజిస్టరు పట్టుకుని బిషప్ హౌస్‌కు పోయొచ్చాడు. గుడి ముందు నిలదీశాను. "స్వామీ, ఏముంది అందుల?" అంటే తల దించుకుని, "చెప్పడానికి వీలు లేదమ్మా" అన్నాడు. తప్పు చేయనివాడు తల ఎందుకు దించుతాడు? పైగా గుంటూరు వైపు మనిషి. తెలంగాణ కోసం ఊరంతా కొట్లాడుతున్న రోజుల్లో ఆంధ్ర స్వామి మన ఉపదేశిని తీసేస్తాడంటే ఎవరూరుకుంటారు? ఈయన్ను మార్చమని బిషప్ గారికి అర్జీ రాశాం. నూటపన్నెండు సంతకాలు, మొదటిది నాదే.

మీ బావ మాత్రం పెట్టలేదు. "స్వామి పుస్తకం పట్కపోయిండంటే ఏదో పని ఉండే పట్కపోయిండు. నీకెందుకే గింత అనుమానం?" అని నన్నే కసిరాడు.

అనుమానం అంటే ఇంకొకటి ఉంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం. 1979 పుస్తకం అని నువ్వెలా రాశావు? అది ఏ ఏడాదిదో నేను రాయలేదు. నాకే తెలియదు. 1979 అంటే నా పెళ్లి ఏడాది. ఆ పెళ్లి జరిపించింది నువ్వు.

నిజం రాయి అన్నా.

లూర్దమ్మ


బెంగళూరు
20 సెప్టెంబర్ 2011

ప్రియమైన లూర్దుకు,

దొంగ దొరికాడు. ఆ దొంగ నేనే.

నాకు గురుపట్టాభిషేకం జరిగి, ఫాదర్‌నై నెల కాలేదు. చెల్లె పెళ్లి నా చేతుల మీద జరగాలన్న సంబరం. పాత స్వామిగారు దవాఖానలో ఉన్నారు. పెళ్లి జరిపించే అధికారం ఏ విచారణలోనైనా అక్కడి గురువుది. బయటి గురువు చేయాలంటే ఆయనో బిషప్ గారో అనుమతి ఇవ్వాలి, లేకపోతే ఆ పెళ్లి చర్చి చట్టం ముందు నిలవదు. నేను అడగనే లేదు. ఇల్లు మనదే కదా అనుకున్నాను. రిజిస్టర్లో అనుమతి గడి ఖాళీగా ఉంది.

ఈ పాఠం పిల్లలకు చెప్పిన మొదటి ఏడాదే నాకు తట్టింది. సిగ్గుతో దాచాను. ఇరవై ఏళ్లు దాచాను. బావకు ఆపరేషన్ అయ్యాక ఇక ఆగలేక, బాలశౌరి మీ గుడికి రాగానే అతడికి రాశాను. అతడు నా శిష్యుడు. అలాంటి పెళ్లిని మొదటి రోజు నుండే చెల్లేలా సరిచేసే అధికారం బిషప్ గారికి ఉంది. మళ్లీ ప్రమాణాలు అక్కర్లేదు, భార్యాభర్తలకు తెలియనవసరం కూడా లేదు. మీకు చెప్పవద్దని నేనే బతిమాలాను. జులైలోనే ఆ ఉత్తర్వు వచ్చింది.

మీ అర్జీ అందాక బిషప్ గారు, "అసలు సంగతి చెప్పేస్తే నువ్వు అక్కడే ఉండొచ్చు" అన్నారట. బాలశౌరి, "చెబితే ఆ దంపతులు ఊరి నోట్లో పడతారు, నన్నే మార్చండి" అన్నాడట. వచ్చే నెల కాసిపేట పోతున్నాడు.

నీ కాళ్లు పట్టుకోవలసిన
అన్న ఇన్నయ్య


గోదావరిఖని
9 నవంబర్ 2011

అన్నకు,

తెలంగాణ సమ్మెలో బస్సులు నడవలేదు, లేకుంటే ముందే ఫాదర్ దగ్గరికి పోయేవాళ్లం. నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ఏడుస్తాడేమో అనుకున్నాను. "ముప్పై రెండేండ్లు నువ్వు నన్ను తిట్టింది ఏ హక్కుతోటి మరి?" అని నవ్వాడు.

మంచిర్యాలలో బస్సు మారి కాసిపేట పోయాం. అక్కడ గుడి అంటే రేకుల షెడ్డు. ఫాదరే చీపురు పట్టుకుని ఊడుస్తున్నాడు. క్షమాపణ అడగాలని దారంతా మాటలు పేర్చుకున్నాను, ఒక్కటీ రాలేదు. ఆయనే, "అమ్మా, ఎండలో వచ్చారు. చాయ్ పెడతా ఉండండి" అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు.

తిరిగొచ్చి మళ్లీ అర్జీ రాశాను, ఆయన్ను మాకే ఇమ్మని. ఈసారి నూటనలభై సంతకాలు. బిషప్ గారు కుదరదన్నారు. పంపడానికి మా మాట చెల్లింది, తేవడానికి చెల్లలేదు. అక్కడ ఉపదేశి లేడు కాబట్టి ప్రతి రెండో ఆదివారం మీ బావ పోయి గంట కొట్టి వస్తున్నాడు. గంట అంటే చెట్టుకు కట్టిన రైలు పట్టా ముక్క.

నిన్ను క్షమించానా అంటే, ఇంకా లేదు. చట్టం చెప్పనవసరం లేదంది, నువ్వు చెప్పలేదు. నేను చెల్లెను కానా? క్రిస్మస్‌కు రా. ముందు కాసిపేటలో దిగి, నీ శిష్యుడి దగ్గర పాపసంకీర్తనం చేసి నీ తప్పు ఒప్పుకో. తరువాత మా ఇంటికి రా, అన్నం పెడతాను.

ఇట్లు,
ఇప్పుడు చట్టం ముందు కూడా అంతయ్య భార్య అయిన
నీ చెల్లె లూర్దమ్మ