పెట్టెలో దూది

కొత్తగూడెం, మంగళవారం రాత్రి

అమ్మ పోయాక మాకు మిగిలింది ఆమె బతుకమ్మ పాట క్యాసెట్టు ఒక్కటే. మా స్పీకర్లో అదీ చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. అది అమ్మ గొంతేనా అని ఒళ్లు మండేది. ఈరోజు స్పీకరు పెట్టె విప్పి లోపల దూది కుక్కాను, ముందువైపు మందపాటి గుడ్డ అంటించాను. పాట మెత్తబడింది. అచ్చం అమ్మే. ఏడుపాగలేదు.

బొగ్గుబావిలో బ్లాస్టింగు పనిలో చెవులు చాలావరకు పోగొట్టుకున్న నాయన, పాట అయిపోయేదాకా నా మొహమే చూస్తూ కూర్చున్నాడు.

“మంచిగ చేసినవ్ బిడ్డా. ఇగ పెట్టు మీ అమ్మ పాట” అన్నాడు.

ఇన్నాళ్లూ ఆ కీచు ఒక్కటే ఆయనదాకా చేరిందన్నమాట...

గుడ్డ చింపి, దూదంతా పీకేశాను. అమ్మ మళ్లీ కీచుమంది. నాయన తల ఊపుతూ చప్పట్లు మొదలుపెట్టాడు.

ఆ దూది ఇంకా నా ఒళ్లోనే ఉంది.