బండారి ముట్టిన ఒట్టు

శంకరవ్వ అక్కకు,

ఆసుపత్రిలో మీ ఎదుట చెప్పలేక వచ్చేశాను, అందుకే ఇప్పుడు కలం పట్టాను. మీ రవళి జారిపడి కాలు విరగ్గొట్టుకుందని కాలేజీ కబడ్డీ జట్టంతా చెప్పింది. అది అబద్ధం. ఆలస్యంగా వచ్చిందని, మోకాలు నొప్పంటున్నా వినకుండా కెప్టెన్ ఎండలో ఇరవై చుట్లు పరుగెత్తిస్తే కూలి కాలు విరిగింది. ఆ కెప్టెన్ మా కూతురు అలేఖ్యే.

జట్టు గెలవాలని నేను పంపిన ఎల్లమ్మ గుడి బండారి పసుపును ముట్టించి, బయట చెప్పబోమని అందరిచేత ఒట్టు వేయించిందట.

"ఒట్టు తప్పితే అమ్మవారు ఊకుంటదా అవ్వా?" అని అలేఖ్య ఏడ్చింది.

"అబద్ధానికి ఆ తల్లిని అడ్డం పెట్టినవా బిడ్డా? ముందుగాల నువ్వే పోయి చెప్పు" అన్నాను.

సోమవారం ప్రిన్సిపాల్ ముందు నిలబడతానంది. నిలబడకపోతే నేనే వచ్చి ఈ ఉత్తరం తీసుకుపోయి ఆయన చేతిలో పెడతాను. అప్పటిదాకా దాచి ఉంచండి అక్కా, ఎవరికీ చూపకండి.