పెచ్చులూడిన పత్తి లారీ విషయమై ఉచ్చీరప్ప రాసిన వీలునామా

ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి లారీ తోలి మానుకున్నవాడను, ఎమ్మిగనూరు కాపురస్తుడను, గిడ్డయ్య కొడుకు ఉచ్చీరప్ప అనే నేను, తెలివి సరిగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. గత నెల గుండెనొప్పి అనుకుని ఆసుపత్రికి పోతే గ్యాసు అన్నారు. అయినా భయం వేసి రాస్తున్నాను.

1. ఇల్లు, చేను నా భార్య హులిగమ్మకు, ఆమె తదనంతరం ఇందు అనే మా కూతురికి చెందాలి. వీటి మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా నా బొమ్మ బండ్ల మీదనే.

2. జానెడు పొడవు బండ్లు చేసి, కొత్త రంగును పాతబడినట్టు చూపించడం నా సరదా. ముందు తుప్పు రంగు వేసి, తడిపి, ఉప్పు గల్లు చల్లి, పైన అసలు రంగు పూసి, ఆరాక ఉప్పును రుద్ది రాలగొడితే పెచ్చులు లేచినట్టు ఉంటుంది. అవి ఎక్కడపడితే అక్కడ లేవకూడదు. డ్రైవరు మోచేయి ఆనే తలుపు అంచున, కాలు పెట్టి ఎక్కే మెట్టు మీద లేవాలి. ఇవేమీ తెలియని నా బామ్మర్ది నరసప్ప, నందవరం నుంచి చుట్టపుచూపుగా వచ్చి, నేను ఇంట్లో లేనప్పుడు నా బొమ్మ పత్తి లారీకి నిగనిగలాడే నీలం ఎనామిల్ పూసిపెట్టాడు. "గలీజుగా ఉండాది బావా, కొత్తది చేసినా" అన్నాడు. అప్పటి నుంచి అతనితో నాకు మాటల్లేవు.

ఈ ఏటి ఎండలకు ఆ నీలం దానంతటదే పొరలు పొరలుగా లేచింది. అలాంటి పెచ్చు నా చేతికి ఎన్నడూ రాలేదు. ఉండబట్టలేక లారీని ఒళ్లో పెట్టుకుని ఆటోలో నందవరం పోయి, ఎలా చేశావని అడిగాను. అతను లారీని తిప్పి తిప్పి చూసి, "మిరపకాయ బజ్జీ తిని చెయ్యి కడుక్కోకుండా పట్టుకున్నా బావా, అంతే" అన్నాడు. ఆ నూనె మీద రంగు నిలవలేదన్నమాట. అది మొదలు నేను పరీక్ష కోసం రోజూ బజ్జీలు తిని అదే చేత్తో బండ్లు పట్టుకుని రంగు పూశాను. పెచ్చులు రాలేదు, పైన చెప్పిన గ్యాసు వచ్చింది. కావున సదరు లారీ నరసప్పకే చెందాలి. దానికి మళ్లీ రంగు పూస్తే ఈ హక్కు రద్దు.

3. ఇందు మొదటిసారి స్కూటీ తోలి మిల్లు గోడకు గీసింది. ఆ బండి అమ్మేశాము. అదే గీతతో, అదే వంకర అద్దంతో చేసిన వేలెడు స్కూటీ ఆమెకు. అల్లుడు బాలరాజు దాన్ని చూసి నవ్వరాదు.

4. ఈ వీలునామాను అమలు జరపవలసింది మా పక్కింటి బజారి. అతనికి నా బ్రష్షులు.

5. హులిగమ్మ ఒక ఆయుధపూజకు నా బండ్లన్నీ సబ్బుపొడిలో నానబెట్టి, "ఎంత తోమినా తుప్పు పోల్యా" అని పొక్కిన చేతులు చూపించింది. ఆమె కోసం ఒక ఎర్ర ట్రాక్టరు చేశాను. దాని మీద గీత లేదు, పెచ్చు లేదు, తుప్పు లేదు. అలా వదిలేయడం నాకు చాలా కష్టమైంది. అది ఆమెది. ఎన్నిసార్లయినా కడుక్కోవచ్చు.

ఎమ్మిగనూరు, 2025 నవంబరు 9
(సంతకం) ఉచ్చీరప్ప

సాక్షులు: తిరుపాల్ (కిరాణా అంగడి), దానమ్మ (టైలరు)

సాక్షుల గమనిక: సంతకం పక్కనున్న మరక నెత్తురు కాదు, రంగు. మేము చూస్తుండగానే పడింది. తుడవబోతే ఆయన ఆపి, బాగా వచ్చిందన్నాడు.