గూటిలో కూర్చున్నది మా నాయనమ్మ

పురాతన కట్టడాల శాఖాధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: పాత కోట ఉత్తర ద్వారంలో విగ్రహం ఏదీ పోలేదని, కాపలాదారును తొలగించవద్దని మనవి.

విగ్రహం పోయిందన్న నేరం మీద కాపలాదారును ఈ నెల పన్నెండున తొలగిస్తున్నట్లు నిన్న నోటీసు అంటించారు. నోటితో చెబితే ఎవరూ వినలేదు కనుక రాసి ఇస్తున్నాను.

1. నేను తమ శాఖలో స్కానింగ్ సహాయకురాలిని. కోటను లేజర్ యంత్రంతో స్కాన్ చేసి, కంప్యూటర్‌లో నమూనా తయారుచేస్తాను. రేపు గోడ కూలినా, ఏ రాయి ఎక్కడ ఉండేదో దాన్ని చూసి మళ్లీ కట్టవచ్చు.

2. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. ఉత్తర ద్వారం స్కాన్ చేసిన రోజున, నా పని చూస్తానని నాయనమ్మ వెంట వచ్చింది. ఎండకు తాళలేకపోతుంటే కాపలాదారే ఆవిడను ద్వారం పక్క గోడలో ఉన్న ఖాళీ గూటిలో, నీడన కూర్చోబెట్టారు. యంత్రం తిరిగేటప్పుడు దానికి కనబడకూడదు కనుక నేను గోడ చాటుకు వెళ్లాను. ఆవిడ మాత్రం ఫొటో తీస్తున్నారనుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

3. కదిలినవాటిని చెరిపేయాలి, కదలనివాటిని ఉంచాలి అన్నది తమ శాఖ నియమం. సందర్శకులు చెరిగిపోయారు. కుక్క చెరిగిపోయింది. కాపలాదారూ చెరిగిపోయారు. నాయనమ్మ మిగిలింది. నమూనాలో అంతా రాతి రంగే కనుక ఆవిడా రాయి అయింది.

4. ఆ నమూనాను చూసి నిపుణులు రాసిన నివేదికలో ఇలా ఉంది: "ఆసీన స్త్రీమూర్తి. ఎనిమిది వందల ఏళ్ల నాటిది. ఒడిలో దివ్యపాత్ర. నాసిక శిథిలం. ముఖాన అలౌకిక ప్రశాంతత." దివ్యపాత్ర మా నీళ్ల సీసా. ముక్కు పుట్టుకతోనే అంత, నాకూ అదే వచ్చింది. ప్రశాంతత సంగతి మా అమ్మను విచారించగలరు.

5. తరువాత తనిఖీకి వెళ్లినవారికి గూడు ఖాళీగా కనబడింది. "అది మా నాయనమ్మండీ" అని సూపరింటెండెంటు గారికి చెప్పాను. "పెద్దవాళ్ల మీద భక్తి ఉండాలమ్మా, మరీ ఇంత వద్దు. నమూనా అబద్ధమాడదు" అన్నారు.

6. ఉద్యోగంతో పాటు కాపలాదారుకు కోట వెనకనున్న ఇల్లూ పోతుంది. నిన్న వెళితే గిన్నెలు గోనెసంచిలో సర్దుతున్నారు. "మీ నాయనమ్మను ఎత్తుకుపోవడం నావల్ల అవుతుందా తల్లీ? నా నడుం సంగతి నీకు తెలియదా" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముసలావిడకు నీడ చూపించడమే ఆయన చేసిన నేరం.

కావున ఆ గూటిని ఒకసారి ఖాళీగా, ఒకసారి నాయనమ్మతో మళ్లీ స్కాన్ చేయించి, పాత నమూనాతో సరిపోల్చి, నోటీసును రద్దు చేయవలసిందిగా ప్రార్థన. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్కానింగ్ సహాయకురాలు

తా.క.: ఇది చదివి వినిపిస్తే నాయనమ్మ, "ఎనిమిది వందల ఏళ్లన్నవాడెవడో నా ఎదురుగా వచ్చి అనమను" అంది. పదో తేదీలోగా తమ జవాబు రాకపోతే, పదకొండున పొద్దున్నే వెళ్లి ఆ గూటిలోనే కూర్చుంటుందట. పోయిన విగ్రహం దొరికిందని రాసుకోమంటోంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. దయచేసి పదో తేదీలోగా జవాబివ్వగలరు.