పదకొండో చువ్వ

అయోవా, 1886 మార్చి 9

ప్రియమైన అమ్మాయి లొవీనాకు,

నా రాత కోడి గీకినట్టుంటుంది, అక్షరాలూ తప్పులే. మన్నించు. పల్లె బడిలో మూడు చలికాలాలు చదివినవాణ్ణి.

మీ నాన్న ఎబెన్ పోయాడని చదివి కాసేపు కళ్ళద్దాలు తీసి కూర్చున్నాను. కౌంటీ సర్వేయరు కొత్తగా కొలిచి, మీ పడమటి హద్దు అరవై ఆరు అడుగులు వెనక్కి జరగాలన్నాడనీ, జరిగితే మీ ఇల్లూ బావీ పక్క పొలం క్రూగర్‌కు పోతాయనీ రాశావు. ఇరవై ఏళ్ళ కింద ఆ గీత మీద కొలత గొలుసు పట్టినవాళ్ళం మీ నాన్న, నేను. మూల గుర్తు ఎక్కడుందని అడిగావు.

అక్కడ చెట్టు లేదు, రాయి లేదు. గడ్డి, ఆకాశం, అంతే. అలాంటి చోట మేం బొగ్గు పాతి పైన మట్టి దిబ్బ వేసేవాళ్ళం. దిబ్బ వానకు కరిగిపోతుంది. బొగ్గు కుళ్ళదు. బావికి పడమరగా, నేల కొంచెం గుంటపడ్డ చోట మోకాలి లోతు తవ్వు.

కొలత లెక్క మాత్రం నన్ను అడగకు.

మీ నాన్న స్నేహితుడు,
ఆసా విట్‌లాక్

నెబ్రాస్కా, ఏప్రిల్ 4

ప్రియమైన ఆసా బాబాయికి,

నేల మంచు కరగగానే తవ్వాను. క్రూగర్ కంచె దగ్గర నిలబడి, "ఏంటి తల్లీ, నాటకుండానే బంగాళాదుంపలు తవ్వుతున్నావా?" అని నవ్వాడు. "నువ్వు నాటినవి కాదులే అన్నా" అన్నాను.

దొరికింది బాబాయ్! దోసెడు బొగ్గు. నిన్న పొయ్యిలోంచి తీసినట్టు నిగనిగలాడుతోంది. నాన్న చేతులు పెట్టిన బొగ్గు!

క్రూగర్ నవ్వు ఆగింది. "బొగ్గుంటే సరా? కొలత తప్పిందేమో, ఆ సంగతి చూడు" అన్నాడు. ఇరవయ్యో తారీఖున సర్వేయరు వస్తాడు. నీ మాట కాగితం మీద కావాలట. సరిగ్గానే కొలిచామని ఒక్క ముక్క రాసి పంపు. పిల్లలతో నాకు వేరే గూడు లేదు.

నీ
లొవీనా

అయోవా, ఏప్రిల్ 11

ప్రియమైన లొవీనా,

ఆ ఒక్క ముక్క రాయలేను తల్లీ. పనిలో చేరినప్పుడు సరిగ్గా కొలుస్తామని ప్రమాణం చేసినవాళ్ళం.

మాకు పదకొండు ఇనుప చువ్వలుండేవి. మీ నాన్న ముందు గొలుసు లాగి, గొలుసు పొడవుకు ఒక చువ్వ గుచ్చుకుంటూ పోయేవాడు. వెనక నేను ఏరుకుంటూ వచ్చేవాణ్ణి. నా చేతిలో ఎన్ని చువ్వలుంటే అన్ని గొలుసులు నడిచినట్టు.

ఆ మధ్యాహ్నం నేల వణికింది. చేతిలో గొలుసు దానంతటదే గలగలలాడింది. ఉత్తరపు గట్టు మీంచి అడవి దున్నలు దిగాయి. గంటసేపు దిగుతూనే ఉన్నాయి, వరస తెగలేదు. అంత ప్రాణం ఒక్కచోట నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. టోపీ తీసి అలా నిలబడిపోయాను. ఆ నిలబడడంలో గడ్డిలో ఒక చువ్వ తీయడం మరిచాను. లెక్కలో ఒకటి తగ్గింది. అందుకని పడమరకు ఒక గొలుసు ఎక్కువ నడిచి బొగ్గు పాతాం. గొలుసంటే అరవై ఆరు అడుగులు.

మీ నాన్న చువ్వలు లెక్కపెట్టి, "ఒకటేదిరా ఆసా?" అన్నాడు. "వాగు దాటినప్పుడే పడిపోయింది, ఈ గీత మొదలుపెట్టకముందే" అన్నాను. అబద్ధం. కొత్త సర్వేయరు లెక్కే నిజం.

ఈ కాగితం ఆయనకు చూపించు. నీ ఇల్లు నా వల్ల పోతోంది. క్షమించమని అడిగే ముఖం లేదు.

ఆసా

నెబ్రాస్కా, ఏప్రిల్ 21

ప్రియమైన బాబాయ్,

నీ ఉత్తరం చూపించాలా వద్దా అని రెండు రోజులు ఏడ్చాను. చూపించాను. సర్వేయరు బొగ్గు గుంట పక్కనే నిలబడి పైకి చదివాడు.

"విన్నారుగా, ముసలాయనే ఒప్పేసుకున్నాడు! ఇక బావి గిలక నాదే" అన్నాడు క్రూగర్.

సర్వేయరు ఒక బొగ్గు ముక్క చేతిలోకి తీసుకుని, "తప్పు కొలిచారు, నిజమే. కానీ చట్టంలో మొదట పాతిన గుర్తే హద్దు. తప్పు చోట పాతినా అదే హద్దు, జనం దాన్ని నమ్మి ఇళ్ళు కట్టుకున్నారు కనుక. నా గొలుసు దాన్ని జరపలేదు. ఇది వాళ్ళు పాతిన బొగ్గేనా అన్నదొక్కటే నా అనుమానం. తన తప్పు తానే రాసుకున్నవాడి మాట నమ్ముతాను" అన్నాడు.

క్రూగర్ తల గోక్కుని, "నా పొలం దున్నలు తినేశాయన్నమాట" అన్నాడు. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు.

ఇంకొక మాట. మేం పొయ్యిలో నిప్పు ఎగదోసే చువ్వ ఒకటుంది, తలకు రింగుతో. మేం ఇక్కడ దిగిన మొదటి ఏడు, మీరిద్దరూ గొలుసు పట్టి నడిచిన దక్షిణపు గట్టు వెంట దున్నుతుంటే నాగలికి తగిలిందని నాన్న తెచ్చాడు. ఎవరిదని అడిగితే, "ఒక మంచివాడు పోగొట్టుకున్నది" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు. నీ ఉత్తరం చదివాకే నాకు అర్థమైంది. దీనితో పంపుతున్నాను.

నీ
లొవీనా

అయోవా, మే 2

ప్రియమైన లొవీనా,

చువ్వ అందింది. అదే.

అంటే మీరు ఆ నేల మీద దిగిన ఏడే, పదిహేడేళ్ళ కిందటే, ఎబెన్‌కు తెలుసు. ఏటా నాకు ఉత్తరం రాసేవాడు, వానల గురించి, మొక్కజొన్న గురించి. ఒక్కసారీ దీని మాట ఎత్తలేదు.

ఆనాడు ఆ మంద ముందు టోపీ తీశాను. ఇవాళ చువ్వ బల్లమీద పెట్టి, మళ్ళీ తీశాను.

బొగ్గు ఉన్నచోటే తిరిగి పూడ్చావా? ఆ సంగతి తెలిసేదాకా నాకు తోచదు. వెంటనే జవాబు రాయి తల్లీ.

ఆసా బాబాయి